పాత జాజ్ ట్రంపెట్ రికార్డింగులు "కొత్తగా దొరికాయి" అంటే కొనాలా? కింగ్ ఆలివర్ సంగతి తీసుకుని చెబుతాను

మీరు అడిగినవి మూడు సంగతులు. పాత న్యూ ఆర్లీన్స్ ట్రంపెట్ వాద్యకారుల రికార్డింగులు కొత్తగా బయటపడ్డాయని తరచూ ఏదో ఒక సీడీ వస్తోంది, అవి నిజంగా కొత్తవా, లేక పాతవే మళ్ళీ అమ్ముతున్నారా అన్నది మొదటిది. అందరూ గొప్పగా చెప్పే జాజ్ వాద్యకారుడు కింగ్ ఆలివర్ 1923 రికార్డులు ఆన్‌లైన్‌లో వింటే గోల తప్ప ఏమీ తెలియలేదు, లోపం ఎక్కడుంది అన్నది రెండోది. ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసిన మీ తాతగారి పెట్టెలో కొన్ని ఇంగ్లీషు ప్లేట్లు (గ్రామఫోను రికార్డులు) ఉన్నాయి, వాటిలో విలువైనదేమైనా ఉండొచ్చా అన్నది మూడోది.

సూటిగా చెబుతాను. చాలాసార్లు పాటలు పాతవే. కొత్తగా దొరికేది వాటికి మెరుగైన ప్రతి, లేదా ఆ ప్రతిని సరైన వేగంతో, సరైన ముల్లుతో ఎక్కించిన పనితనం. ఆ పని బాగా జరిగి ఉంటే డబ్బు పెట్టడం దండగ కాదు. ఆలివర్ విషయంలో అయితే తప్పకుండా పెట్టొచ్చు. మీరు విన్నది చెడ్డ ట్రాన్స్‌ఫర్ (ప్లేటు నుంచి సరిగ్గా ఎక్కించని కాపీ) అని దాదాపు ఖాయంగా అనుకుంటున్నాను. తాతగారి ప్లేట్లను మాత్రం దయచేసి ఇప్పుడే ఏ గ్రామఫోను మీదా పెట్టకండి. ఎందుకో కింద రాశాను.

నేను 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) ప్లేట్లను డిజిటల్‌లోకి ఎక్కించే పని చాలా ఏళ్ళుగా చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా తెలుగు నాటక పద్యాలు, హరికథలు, పాత సినిమా పాటలు. జాజ్ నా ఇష్టం కొద్దీ చేసేది. పద్యమైనా జాజ్ అయినా గాడి ఒకటే, అరుగుదల ఒకటే, చేయాల్సిన వైద్యం కూడా ఒకటే.

"దొరికింది" అనే మాట కింద మూడు రకాల సంగతులు నడుస్తుంటాయి.

ఎవరూ వినని రికార్డింగు బయటపడటం అరుదు, కానీ జరుగుతుంది. బిల్ సేవరీ అనే సౌండ్ ఇంజనీరు 1930ల రెండో సగంలో న్యూయార్క్ రేడియో ప్రసారాలను నేరుగా డిస్కుల మీదకు దించుకున్నాడు. కంపెనీ ప్లేటు మూడు నిమిషాలకు అయిపోతుంది. ఆయన వాడిన పెద్ద డిస్కుల్లో వాద్యకారులు తోచినంతసేపు వాయించినదంతా పట్టింది. బతికి ఉన్నంతకాలం వాటిలో కొన్నిటిని తప్ప బయటికి ఇవ్వలేదు. ఆయన 2004లో చనిపోయాక, 2010లో హార్లెమ్‌లోని నేషనల్ జాజ్ మ్యూజియం ఆయన కొడుకు దగ్గరున్న 975 డిస్కులు తీసుకుంది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, ఫ్యాట్స్ వాలర్, జాక్ టీగార్డెన్ కలిసి 1938లో వాయించిన కచేరీ ఒకటి అందులో ఉంది. ఇలాంటిది వస్తే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు, కొనేయండి.

రెండో రకం, అప్పట్లో విడుదల చేయకుండా పక్కన పెట్టిన టేకులు, అంటే అదే పాటను మళ్ళీ వాయించి రికార్డు చేసినవి. బంక్ జాన్సన్ దీనికి మంచి ఉదాహరణ. ఈయనలో తమాషా ఏమిటంటే ముందు మనిషే మళ్ళీ దొరికాడు. 1930ల చివర్లో లూసియానాలోని న్యూ ఐబీరియాలో, పళ్ళు పోయి వాయించలేని స్థితిలో ఉన్న ఆయన్ని జాజ్ చరిత్ర రాస్తున్నవాళ్ళు వెతికి పట్టుకున్నారు. పళ్ళ సెట్టు కట్టించి, ట్రంపెట్ చేతికిచ్చి, 1942లో తొలిసారి రికార్డు చేశారు. 1944లో విలియం రసెల్ న్యూ ఆర్లీన్స్‌లోని శాన్ జసింటో హాల్లో ఆయన బ్యాండుతో చేసిన రికార్డింగుల్లో అప్పుడు విడుదల కానివి చాలా ఏళ్ళ తర్వాత సీడీల మీద వచ్చాయి. మొదటిసారి వినేవాళ్ళకు వీటితో పనిలేదు. ఒక పాటను బాగా ఎరిగినవాళ్ళకు మాత్రం రెండో టేకు చాలా చెబుతుంది. ఏది ముందే అనుకున్నది, ఏది అప్పటికప్పుడు పుట్టింది అన్నది అక్కడే తెలుస్తుంది.

మూడో రకం, పాత పాటలనే మెరుగైన ప్రతి నుంచి మళ్ళీ ఎక్కించడం. ఆలివర్‌ది అదే. దాని గురించే ఎక్కువ రాస్తాను.

మధ్యలో ఒక హెచ్చరిక. ఆలివర్ కంటే ముందు న్యూ ఆర్లీన్స్‌ను ఊపేసిన బడీ బోల్డెన్ 1890ల చివర్లో ఒక మైనపు సిలిండర్ మీద వాయించాడని వాళ్ళ బ్యాండువాళ్ళ మాటగా చెప్పుకుంటారు. ఇంతవరకూ అది ఎవరికీ దొరకలేదు. బోల్డెన్ రికార్డింగు అని ఇంటర్నెట్‌లో వినిపించేది ఏదైనా సరే, నమ్మకండి.

కింగ్ అని పేరు పడ్డ జో ఆలివర్ న్యూ ఆర్లీన్స్ నుంచి షికాగోకు వెళ్ళి, లింకన్ గార్డెన్స్ అనే డాన్సు హాల్లో తన క్రియోల్ జాజ్ బ్యాండును నడిపాడు. ఆయన వాయించింది అప్పట్లో కార్నెట్, ట్రంపెట్ కంటే కాస్త పొట్టిగా, మెత్తగా మోగేది. 1922లో న్యూ ఆర్లీన్స్ నుంచి ఒక కుర్రాణ్ణి రెండో కార్నెట్‌గా పిలిపించుకున్నాడు. ఆ కుర్రాడే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. క్లారినెట్ మీద జానీ డాడ్స్, ట్రాంబోన్ మీద ఆనరే డ్యూట్రే, పియానో మీద లిల్ హార్డిన్, బ్యాంజో పట్టుకున్న బిల్ జాన్సన్, డ్రమ్స్ మీద జానీ తమ్ముడు బేబీ డాడ్స్. 1923 ఏప్రిల్ 5న వీళ్ళు ఇండియానాలోని రిచ్‌మండ్ అనే చిన్న ఊరికి వెళ్ళి జెనెట్ కంపెనీకి రికార్డు చేయడం మొదలుపెట్టారు. రెండు రోజుల్లో తొమ్మిది పాటలు. ఆ ఏడాది ముగిసేలోపు ఓకే, కొలంబియా, పారమౌంట్ కంపెనీలకు కూడా చేశారు. ఈరోజు మనకు దక్కినవి మొత్తం 37.

జెనెట్ స్టూడియో పియానో ఫ్యాక్టరీ ఆవరణలో, రైలు పట్టాల పక్కన ఉండేది. బండి వస్తే రికార్డింగు ఆపి కూర్చునేవాళ్ళు. మైక్రోఫోన్ లేదు. గోడలోంచి బయటికి వచ్చిన పెద్ద కొమ్ము ముందు అందరూ నిలబడి వాయిస్తే, ఆ గాలికి ఊగే ముల్లు మైనం మీద గాడిని చెక్కుతుంది. కాబట్టి ఇప్పటిలా తర్వాత ఎవరి శబ్దాన్నైనా పెంచడం, తగ్గించడం కుదరదు. ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నదే మిక్సింగ్. ఆర్మ్‌స్ట్రాంగ్ ఊదితే ఆలివర్ వినిపించడం లేదని అతణ్ణి దూరంగా ఒక మూల నిలబెట్టారని లిల్ హార్డిన్ తర్వాత చెప్పింది. పెద్ద డ్రమ్ము కొడితే ముల్లు ఎగిరిపోతుందని బేబీ డాడ్స్‌ను చెక్క బ్లాకుల మీద వాయించమన్నారు. ఇండియానాలో నల్లవాళ్ళను ద్వేషించే తెల్లవాళ్ళ సంఘం కూ క్లక్స్ క్లాన్ బలంగా ఉన్న రోజులవి. అదే ఫ్యాక్టరీలో క్లాన్ పాటల ప్లేట్లు కూడా అచ్చయ్యేవి. ఆ ఊరికి వెళ్ళి ఈ నల్లవాళ్ళు రెండు రోజుల్లో ఇంత సంగీతం ఇచ్చి వచ్చారన్న సంగతి తెలిశాక నాకు ఆ ప్లేట్లను వినే తీరే మారిపోయింది.

మరి మీకు గోల ఎందుకు వినపడింది? మొదటి కారణం, మాస్టర్లు (ప్లేట్లు అచ్చేసే అసలు అచ్చులు) లేవు. జెనెట్, పారమౌంట్ కంపెనీల లోహపు మాస్టర్లు చాలావరకు తుక్కు కింద పోయాయి. కాబట్టి ఇప్పుడు మనం వినేదంతా ఎవరో ఒకరు 1923లో కొనుక్కుని, ఉక్కు ముల్లుతో వందలసార్లు అరగదీసిన ప్లేట్ల నుంచి తీసినదే. అవి కూడా ఎక్కువ మిగల్లేదు. దీనికి మన దేశంతో ఒక సంబంధం ఉంది. ప్లేటులో ముఖ్యమైన సరుకు లక్క. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేదీ, లాడ్ బజార్ గాజుల్లో ఉండేదీ అదే లక్క. ప్రపంచంలోని రికార్డు కంపెనీలకు అది ఎక్కువగా ఛోటా నాగపూర్ అడవుల వైపు నుంచే వెళ్ళేది. రెండో ప్రపంచ యుద్ధంలో సరఫరా దెబ్బతినేసరికి అమెరికా ప్రభుత్వం 1942లో రికార్డు కంపెనీల లక్క వాడకాన్ని బాగా కోసేసింది. కొత్త ప్లేటు కావాలంటే పాత ప్లేట్లు తెచ్చివ్వమని దుకాణాలు అడిగాయి. వాటిని పొడి చేసి కొత్తవి అచ్చేశారు. ఎవరికీ పట్టని పాత జెనెట్ ప్లేట్లు ఎన్ని అలా పోయి ఉంటాయో! ఆలివర్ అక్టోబరులో చేసిన "జూలూస్ బాల్", "వర్కింగ్‌మ్యాన్ బ్లూస్" రెండు వైపులా ఉన్న జెనెట్ 5275 ప్లేటు దశాబ్దాల పాటు ప్రపంచం మొత్తం మీద ఒక్క ప్రతిగానే తెలుసు.

రెండో కారణం, వేగం. దీన్ని జనం అస్సలు పట్టించుకోరు, నేను మాత్రం మొదట చూసేది ఇదే. 78 అన్నది తర్వాత స్థిరపడిన అంకె. 1923లో ఒక్కో కంపెనీ ఒక్కో వేగంతో చెక్కేది, ఒకే కంపెనీలో కూడా రోజుకో తీరు ఉండేది. వేగం ఆరు శాతం తప్పితే శ్రుతి హార్మోనియం మీద పక్క మెట్టుకు జరిగిపోతుంది. అంటే 73.6తో చెక్కిన ప్లేటును 78తో తిప్పితే పాట ఒక మెట్టు పైకి పోయి, చకచకా పరిగెత్తి, కార్నెట్ కీచుమంటుంది.

సరైన వేగం ఎలా తెలుస్తుంది? మన శ్రుతి లెక్కలో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. కార్నెట్ ఆరున్నర శ్రుతి వాద్యం, అంటే బి ఫ్లాట్. ఇలాంటి బ్యాండ్లు తమ వేళ్ళకు అనుకూలమైన ఆరున్నర, రెండున్నర, నాలుగు లాంటి శ్రుతుల్లో వాయిస్తాయి. ట్రాన్స్‌ఫర్ వింటుంటే పాట ఏడు శ్రుతిలోనో, మూడులోనో, లేదా రెండు మెట్ల మధ్యనో పడితే వేగం తప్పిందని అనుమానించాలి. నా దగ్గరికి వచ్చిన ఒక నాటక పద్యాల ప్లేటులో గాయకుడి గొంతు పీలగా, చిన్నపిల్లాడిలా ఉంది. వెనక హార్మోనియం ఏ మెట్టుకూ సరిపోలేదు. వేగం తగ్గించుకుంటూ వచ్చి హార్మోనియం మెట్టు మీద కూర్చున్న చోట ఆపితే, ఆ రాగం తీసిన మనిషి ఛాతీ బలమంతా ఒక్కసారి బయటపడింది. ఆ ఇంటివాళ్ళు ముందు విన్నది తమ పెద్దాయన గొంతే కాదని అప్పుడు గుర్తుపట్టారు. ఆలివర్‌కు జరిగిన అన్యాయం కూడా సరిగ్గా ఇదే.

మూడో కారణం ముల్లు, ఆ తర్వాత చేసే శుభ్రత. ఎల్‌పీ (78 ప్లేట్ల తర్వాత వచ్చిన రికార్డు) ముల్లు కొన అంగుళంలో వెయ్యో వంతు, లేదా అంతకన్నా సన్నం. 78 గాడికి సుమారు దానికి మూడింతలు కావాలి. సన్నటి ముల్లు పెడితే గాడి అడుగున ఉన్న చెత్తలో ఈదుతుంది. మంచి ఇంజనీర్ల దగ్గర రకరకాల సైజుల ముళ్ళు ఉంటాయి. పాత ముల్లు అరగదీయని చోటు గాడి గోడ మీద ఎక్కడ మిగిలిందో వెతికి, దానికి సరిపడే ముల్లు పెడతారు. పైగా ఈ ప్లేట్లలో సంగీతమంతా గాడి పక్కలకు ఊగడంలోనే ఉంటుంది. పైకీ కిందికీ వచ్చే కదలికంతా దుమ్ము, అరుగుదల. స్టీరియో కాట్రిడ్జ్‌తో (ముల్లు కదలికను రెండు ఛానళ్ళుగా పట్టే భాగం) ఎక్కించి, ఆ రెండు ఛానళ్ళనూ మోనోగా, అంటే ఒక్కటిగా, కలిపితే ఆ నిలువు గోల చాలావరకు పోతుంది. ఇంత చేసేసరికే సగం పని అయిపోతుంది. అది చేయకుండా సాఫ్ట్‌వేర్‌తో సుయ్‌మనే శబ్దం మొత్తం తుడిచేస్తే, దాంతోపాటు బ్యాంజో మీటు, చెక్క బ్లాకు దెబ్బ, ఊపిరి కూడా పోతాయి. మిగిలేది నీళ్ళలోంచి వచ్చినట్టుండే శబ్దం. నాకైతే కాస్త సుయ్‌మన్నా సరే, మనుషులు వినపడాలి.

ఆలివర్ కోసం ఈ పని శ్రద్ధగా చేసినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. ఇంగ్లండులో జాన్ ఆర్. టి. డేవీస్, ఆయన స్వయంగా వాద్యకారుడు, 1990ల్లో రిట్రీవల్ లేబుల్‌కు చేశాడు. తర్వాత 2006లో డేవిడ్ సేగర్, డగ్ బెన్సన్ కలిసి ప్రపంచంలో దొరికినంత మంచి ప్రతులను పోగుచేసి 1923 రికార్డింగులు మొత్తం రెండు సీడీల్లో ఇచ్చారు. నా ఓటు దానికే. ఒకే సంగీతం, అవే ప్లేట్లు, కానీ ముందు గుంపుగా వినపడినవాళ్ళు దీనిలో విడివిడిగా నిలబడ్డారు. డ్యూట్రే ట్రాంబోన్ ఎప్పుడు ఎక్కడికి జారుతోందో, ఆర్మ్‌స్ట్రాంగ్ ఎక్కడ కింద స్వరం పడుతున్నాడో చెవికి అందుతుంది. ఇది "కొత్తగా దొరకడం" కాకపోతే ఇంకేమిటి?

అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఎంత మంచి ట్రాన్స్‌ఫర్ అయినా, తర్వాతి కాలపు జాజ్‌లా ఒకరు వాయిస్తుంటే మిగతావాళ్ళు వెనక తాళం వేయడం ఇందులో చాలా తక్కువ. అందరూ ఒకేసారి వాయిస్తారు. మన పెళ్ళి మేళంలో రెండు సన్నాయిలు ఒకే కీర్తనను పట్టుకుని, ఒకటి నిలబెడుతుంటే ఇంకొకటి దాని చుట్టూ తిరుగుతుంది చూడండి, ఆ చెవితో వినాలి. పాట ఆలివర్ నడుపుతాడు, పైన క్లారినెట్ అల్లుతుంది, కింద ట్రాంబోన్ దారి చూపిస్తుంది. మొదటిసారి క్లారినెట్ ఒక్కదాన్నే పట్టుకుని వినండి. రెండోసారి ట్రాంబోన్. మూడోసారి ఆలివర్.

పాటల్లో "డిప్పర్ మౌత్ బ్లూస్"తో మొదలుపెట్టండి. ఏప్రిల్‌లో జెనెట్‌కూ, జూన్‌లో షికాగోలో ఓకే కంపెనీకీ రెండుసార్లు చేశారు. ఓకే వాళ్ళ ధ్వని స్పష్టంగా ఉంటుంది కాబట్టి ముందు అది వినండి. మధ్యలో ఆలివర్ కార్నెట్ మూతికి పెట్టే మ్యూట్ అనే మూతను మూస్తూ తీస్తూ కార్నెట్‌తో "వా వా" అని మాట్లాడించే చోటు వస్తుంది. ఆ మూడు చరణాలను తర్వాతి తరాల ట్రంపెట్ వాద్యకారులు స్వరం స్వరం నేర్చుకున్నారు. 1925లో ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండుతో ఇదే పాటను "షుగర్ ఫుట్ స్టాంప్" పేరుతో చేసినప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ తన సొంతం వాయించకుండా గురువుగారి సోలోనే వాయించాడు. జెనెట్ ప్రతిలో సోలో చివర "ఓ ప్లే దట్ థింగ్!" అని ఒక కేక వినపడుతుంది. తాను వాయించాల్సిన చోటు మర్చిపోతే బిల్ జాన్సన్ ఆ ఖాళీని అరిచి నింపాడని బేబీ డాడ్స్ చెప్పాడు. తర్వాత ఆ పాట ఎవరు వాయించినా ఆ కేక కూడా పాటలో భాగమైపోయింది.

తర్వాత "స్నేక్ రాగ్", అందులో మిగతావాళ్ళంతా ఆగి రెండు కార్నెట్లు మాత్రమే కలిసి దూకే చోట్లు. ఆ పైన "చైమ్స్ బ్లూస్", ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు మీద వాయించిన మొట్టమొదటి సోలో అందులోనే ఉంది.

కొనే ముందు కవర్ మీద ఇవి చూడండి. ఏ ప్లేటు నుంచి తీశారో రాశారా, ట్రాన్స్‌ఫర్ చేసిన మనిషి పేరు ఉందా, వేగం సరిచూసినట్టు ఎక్కడైనా చెప్పారా. ఈ మూడూ లేకుండా "రీమాస్టర్డ్" అని పెద్ద అక్షరాలుంటే వదిలేయండి. 1923 రికార్డింగుల మీద అమెరికాలో 2024 జనవరి 1తో హక్కులు ముగిశాయి. మన దేశంలో విడుదలైన 60 ఏళ్ళకే ముగుస్తాయి కాబట్టి ఎప్పుడో స్వేచ్ఛగా ఉన్నాయి. అందుకే ఎవరు పడితే వారు ఒక పాత ఎల్‌పీ నుంచి కాపీ కొట్టి "లాస్ట్ రికార్డింగ్స్" అని పేరు పెట్టి అప్‌లోడ్ చేస్తున్నారు. పైగా మోనోను రెండుగా చీల్చి స్టీరియో అంటున్నారు. ఆలివర్ ఇంత పనిచేసి చివరికి చిగుళ్ళ జబ్బుతో పళ్ళు పోయి, సవానా ఊళ్ళో బిలియర్డ్స్ హాలు ఊడుస్తూ 1938లో పేదవాడిగా చనిపోయాడు. ఆయన సంగీతాన్ని ఇలా పాడుచేసి అమ్మడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక మీ తాతగారి ప్లేట్లు. జెనెట్ ప్లేటు ఉండే అవకాశం దాదాపు లేదు. కానీ ఖరగ్‌పూర్ అన్నారు చూడండి, అక్కడ నాకు ఆసక్తి కలిగింది. బెంగాల్ నాగపూర్ రైల్వేలో మన తెలుగువాళ్ళు వేలల్లో ఉండేవారు. రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో ఆంగ్లో ఇండియన్ల డాన్సులు జరిగేవి. కలకత్తా పక్కనే ఉంది, అక్కడి డమ్ డమ్‌లోనే ప్లేట్ల ఫ్యాక్టరీ ఉండేది. షికాగో నుంచి వచ్చిన పియానో వాద్యకారుడు టెడ్డీ వెదర్‌ఫర్డ్ కలకత్తా గ్రాండ్ హోటల్లో బ్యాండు నడుపుతూ 1940ల్లో కొలంబియాకు రికార్డు చేశాడు. 1945లో కలరాతో ఆ ఊళ్ళోనే పోయాడు. అంతకుముందు 1936లో, బొంబాయి తాజ్ హోటల్లో బ్యాండు నడిపిన ట్రంపెట్ వాద్యకారుడు క్రికెట్ స్మిత్ రెక్స్ లేబుల్‌కు రికార్డు చేశాడు. ఆయన 1913 నాటికే అమెరికాలో జేమ్స్ రీస్ యూరప్ బ్యాండులో కార్నెట్ వాయించినవాడు. గోవా నుంచి వచ్చిన ట్రంపెట్ వాద్యకారుడు చిక్ చాకలెట్ ప్లేట్లు కూడా ఉన్నాయి. మన దేశంలో అచ్చయిన ఇలాంటి ప్లేట్లు తక్కువ సంఖ్యలో వచ్చి, తేమకూ అటక మీది వేడికీ పోయాయి. రైల్వే ఉద్యోగి పెట్టెలోంచి అలాంటిది ఒకటి బయటపడటం జరగని పని కాదు.

అందుకే గ్రామఫోను మీద పెట్టొద్దన్నాను. దాని సౌండ్ బాక్సు బరువు, ఉక్కు ముల్లు కలిసి ఒక్కసారి తిరిగినా కొంత గాడిని తీసుకెళ్ళిపోతాయి. స్పిరిట్, శానిటైజర్, ఆల్కహాల్ ఉన్న ఏ ద్రవంతోనూ తుడవకండి, లక్క కరిగిపోతుంది. మెత్తటి పొడి బ్రష్షుతో దుమ్ము దులిపి, ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా నిలబెట్టి, ఎండ తగలని చోట ఉంచండి. పగులు ఉన్నదాన్ని విడిగా రెండు అట్టల మధ్య పెట్టండి.

ఆ తర్వాత ఒక్కో ప్లేటుకూ రెండు వైపులా ఫొటోలు తీయండి. లేబుల్ మీది కంపెనీ పేరు, కేటలాగ్ నంబరుతో పాటు, గాడి ఆగిపోయాక లేబుల్ చుట్టూ ఉండే నల్లటి ఖాళీలో చెక్కిన అంకెలు కూడా కనపడాలి. లైటు పక్క నుంచి వేస్తే అవి తేలిగ్గా చదవొచ్చు. ఆ అంకెలే మ్యాట్రిక్స్ నంబరు, ఎప్పుడు ఏ ఊళ్ళో రికార్డయిందో దాని ద్వారానే తెలుస్తుంది. అమెరికన్ ప్లేట్లయితే శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నడిపే డిస్కోగ్రఫీలో మీరే ఉచితంగా వెతుక్కోవచ్చు. ఇండియన్ రెక్స్, కొలంబియా లేబుళ్ళు కనిపిస్తే ఆ ఫొటోలు ముందు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.